లోగో మీద నల్ల టేపు

ఆ శుక్రవారం ఉదయం మేడం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు కాఫీ తాగాలి, ఎనిమిదికి బస్సెక్కాలి, తొమ్మిదికి హాలు తాళం తియ్యాలి, సాయంత్రం ఐదింటిలోగా ఒక నర్సు ఉద్యోగం నిలబెట్టాలి. వీటిలో మొదటిదే ముందుకు సాగలేదు. వంటింటి బల్ల మీద తన సంచీ పక్కన ఇంకో పెద్ద సంచీ కూర్చుని ఉంది. అందులోంచి ఎర్ర టోపీలు తొంగి చూస్తున్నాయి. ప్రతి టోపీ మీదా అరచెయ్యంత లోగో.

"ఎవరివివి?"

"తమ్ముడివి," అన్నాడు భర్త, పేపరు దించకుండానే. "ఇవాళేదో మీటింగుందట."

"ఏం మీటింగు? ఎక్కడ?"

"నాకేం తెలుసు? స్నానం చేస్తున్నాడు, వచ్చాక నువ్వే అడుగు."

మరిది స్నానాలగదిలో ఈల వేస్తున్నాడు. తన ఇంటికి రంగులు వేయిస్తున్నారని పది రోజులుగా ఇక్కడే మకాం. ఆసుపత్రి మంచాల పక్కన పెట్టే మానిటర్లు తయారుచేసే కంపెనీలో అతను మార్కెటింగ్ మనిషి. ఇంటికి వచ్చిన పాలవాడికి కూడా ఆ మానిటర్ గొప్పతనం చెప్పి పంపే రకం. మేడం అతన్ని మరిదిగా భరించింది, మార్కెటింగ్ మనిషిగా మాత్రం చూస్తేనే ఒళ్ళుమంట.

ఆ మంటకు కారణం ఉంది. ఆవిడ పని ఏమిటంటే, ఏడాదికోసారి మూడు రోజులపాటు పదకొండు కంపెనీల ఇంజనీర్లను ఒకే హాల్లో కూర్చోబెట్టి, ఒకళ్ళ యంత్రం ఇంకొకళ్ళ యంత్రంతో సరిగ్గా మాట్లాడుతోందో లేదో పరీక్ష పెట్టడం. ఆసుపత్రిలో మంచం పక్కన మానిటర్ ఒక కంపెనీది, నర్సుల డెస్క్ మీది యంత్రం ఇంకో కంపెనీది. ఆ రెండింటికీ మాట కుదరకపోతే పోయేది మనిషి ప్రాణం. అందుకే ఇంజనీర్లు తమ యంత్రాన్ని తెచ్చి, పోటీ కంపెనీ వాళ్ళ ముందు పొట్ట విప్పి పెట్టి, "ఇదిగో, ఇక్కడ మాది తప్పుతోంది, కాస్త చూడండి" అని అడగాలి. పక్కన ఒకడు ఫోటోలు తీస్తూ ఉంటే ఆ మాట ఎవడడుగుతాడు? ఇవాళ ఇక్కడ తప్పిన యంత్రం పేరు రేపు బయట పొక్కితే, వచ్చే ఏడాది హాల్లో కుర్చీలు తప్ప మనుషులుండరు. ఈ మాట ఆవిడ తొమ్మిదేళ్ళుగా గొంతు చించుకుని చెబుతోంది. పదకొండు నిబంధనలు రాసింది. బ్యానర్లు లేవు, కార్డులు లేవు, ఫోటోలు లేవు, ఫలితాలు గడప దాటవు. అందరూ ఎదురుగా మేడం అంటారు, వెనకాల కర్ఫ్యూ మేడం అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఆ పేరు ఆవిడకు నచ్చింది కూడా.

మరిది తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇదిగో, ఆ టోపీలు నా హాలు చుట్టుపక్కల కనబడ్డాయో, చెబుతున్నాను..."

"అబ్బే! నీ హాలుకు నేనెందుకొస్తాను వదినా? నా మీటింగు వేరే చోట," అన్నాడు మరిది, ఆవిడ మొహంలోకి తప్ప అన్ని వైపులా చూస్తూ.

మేడం ఆ కాఫీ అక్కడే వదిలేసి బస్సుకు పరిగెత్తింది.

హాలు తాళం తీసేసరికి నర్సు అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో ఆసుపత్రి వాళ్ళిచ్చిన నోటీసు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నెల కిందట, పట్టపగలు మూడు గంటలకు, ఆరో మంచం మీది పెద్దాయన గుండె తడబడింది. మంచం దగ్గర మానిటర్ సన్నగా కూసిందట, డెస్క్ మీద మాత్రం చప్పుడే లేదు. పక్క మంచం వాళ్ళ చుట్టం ఒకావిడ కేకేస్తే అందరూ పరిగెత్తారు. పెద్దాయన బతికి బట్టకట్టాడు. నర్సును మాత్రం ఇంటికి పంపేశారు. డ్యూటీలో కునుకు తీసిందని, మోగిన అలారం వినలేదని అభియోగం. సోమవారం విచారణ. మానిటర్ కంపెనీని అడిగితే మా అలారం వెళ్ళింది అన్నారు. డెస్క్ కంపెనీని అడిగితే మా యంత్రం భేషుగ్గా ఉంది అన్నారు. ఇక మిగిలింది నర్సే కాబట్టి తప్పు నర్సుదని తేల్చారు. ఈ వ్యవహారం చెవిన పడగానే మేడం ఆవిడను పిలిపించి, ఆ రెండు యంత్రాలనూ మూడో బల్ల మీద పక్కపక్కన పెట్టించింది.

"ఇవాళన్నా దొరుకుతుందాండీ?" అంది నర్సు.

"దొరకాలి సిస్టర్. దొరక్కపోతే ఎలా ఊరుకుంటాను?" అంది మేడం. లోపల మాత్రం గుబులుగానే ఉంది. రెండు రోజుల్లో ఆ పరీక్ష రెండువందల పన్నెండుసార్లు చేశారు. పరీక్షకు బొమ్మ గుండె అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. దాని మర తిప్పితే గుండె ఆగినట్టు లెక్క, వెంటనే మంచం మానిటర్ కూయాలి, ఆ వెంటనే డెస్క్ యంత్రం మోగాలి. రెండువందల పన్నెండుసార్లూ మోగింది. మోగినప్పుడల్లా ఇంజనీర్లు సంతోషించారు, నర్సు మొహం ఇంకాస్త వాడిపోయింది.

తొమ్మిదిన్నరకు మూడో బల్ల దగ్గరికి మానిటర్ కంపెనీ ఇంజనీరైన కళ్ళజోడు అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి వెనకాల, మెడలో 'ఇంజనీరు' అని బ్యాడ్జీ వేలాడేసుకుని, భుజాన ఆ టోపీల సంచీతో, మరిది.

మేడం నోరు తెరిచింది. ఆ తర్వాత ఆగలేదు.

"నువ్వు ఇంజనీరువా? ఎప్పటినుంచి? నిన్న రాత్రి భోజనాల దగ్గర కూడా కాలేదే! ఆ మెడలోది తియ్యి!"

"వదినా, అది కాదూ..."

"ఇక్కడ వదినా గిదినా లేదు. మేడం అను."

"మేడం, మా రెండో ఇంజనీరుకు జ్వరం. యంత్రానికి ఇద్దరుండాలని మీ నాలుగో నిబంధన. నేను లేకపోతే మా మానిటర్ పరీక్ష ఆగిపోతుంది. ఆపమంటారా?"

ఆవిడ రాసిన నిబంధనతో ఆవిడ నోరే నొక్కాడు. మానిటర్ ఆగితే నర్సు పని అయిపోయినట్టే. మేడం పళ్ళు పటపట కొరికి, మరిది భుజాన సంచీ లాక్కుని, టోపీలు, పెన్నులు, రంగు కాగితాలు, తాళంచెవుల బిళ్ళలు అన్నీ తన గదిలో బీరువాలో పడేసి తాళం వేసింది. ఫోను కూడా తీసుకుంది. రెండో ఫోను సంగతి ఆవిడకు తోచలేదు.

పదిన్నరకు డెస్క్ కంపెనీ సీనియర్ ఇంజనీరు కాఫీ మెషిన్ దగ్గరికెళ్ళాడు. మూడు రోజులుగా గళ్ళచొక్కాలే మార్చి మార్చి వేస్తున్నాడు కాబట్టి హాల్లో అందరికీ ఆయన గళ్ళచొక్కానే. పెద్దమనిషి, పనిమంతుడు, మొదటి రెండు రోజులూ తన యంత్రం లోపలి వ్యవహారమంతా పోటీ కంపెనీ పిల్లకు విప్పి చూపించాడు. ఆయన కాఫీ సగం తాగి కప్పు వైపు చూసుకున్నాడు. కప్పు మీద మానిటర్ కంపెనీ లోగో. మెషిన్ పక్కనున్న మామూలు కప్పుల దొంతర మాయమై, ఆ స్థానంలో లోగో కప్పులు వరసగా నిలబడి ఉన్నాయి. హాల్లో ముప్పైమంది చేతుల్లోనూ అవే.

"ఏంటండీ ఇది? నేను మీ కంపెనీ కప్పు పట్టుకుని నిలబడితే ఎవడో ఫోటో తీస్తే, మా ఆఫీసులో నా గతేంటి?" అని గళ్ళచొక్కా అరిచాడు. అరిచి ఊరుకుంటే బాగుండేది. తన ఆఫీసుకు ఫోన్ చేసి, "వాళ్ళు ఇక్కడ ప్రచారం మొదలెట్టారు, మనం గాజులు తొడుక్కుని కూర్చున్నామా?" అన్నాడు. ఆపైన ల్యాప్‌టాప్ మూత సగం దించేసి, కళ్ళజోడు అమ్మాయికి తెర కనబడకుండా కుర్చీ పక్కకు తిప్పుకున్నాడు.

చూశారా! రెండు రోజులు అన్నం మానుకుని మరీ అల్లిన నమ్మకం. ఒక కాగితం కప్పుతో పోయింది. మేడానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కప్పులు ఎవరు మార్చారు?" అంది మరిది ముందు నిలబడి.

"కప్పులు అయిపోయాయని నేనే తెప్పించా. సాయం చేస్తే కూడా తప్పేనా మేడం?"

"సాయమా? నీ సాయం మండా! ఆ మనిషి మూత వేసుకుని కూర్చున్నాడు చూడు. ఇప్పుడు తప్పు బయటపడితే ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

మరిది కప్పుల దొంతర సర్దడం మొదలుపెట్టాడు.

పదకొండుంబావుకు తలుపు తోసుకుని డెస్క్ కంపెనీ మార్కెటింగ్ ఆవిడ దిగింది. చంకలో చాపచుట్టంత బ్యానర్. ఎవరినీ అడగకుండా మూడో బల్ల వెనకాల నిలబెట్టి చుట్ట విప్పడం మొదలుపెట్టింది. బ్యానర్ మీద నవ్వుతున్న డాక్టరు, కింద 'మా డెస్క్ ఉంటే మీకు దిగులు లేదు' అన్న మాట. దాని ముందు, నోటీసు కవరు ఒళ్ళో పెట్టుకుని నర్సు కూర్చుని ఉంది.

ఆ దృశ్యం చూసి మేడం ఎంత అరిచిందంటే పదకొండు బల్లల దగ్గరా చేతులు ఆగిపోయాయి.

"చుట్టండి! ముందు దాన్ని చుట్టండి! ఇదేమన్నా సంత అనుకున్నారా? ఇక్కడొక మనిషి ఇరవై రెండేళ్ళ ఉద్యోగం పోయేలా ఉంటే, మీకు డాక్టరు నవ్వులు కావలసి వచ్చాయా? బయటికి నడవండి! కారిడార్లో కూర్చోండి, ఇంటికి పొండి, ఎక్కడికన్నా పొండి! ఇవాళ ఈ గదిలో కంపెనీ పేరన్నది ఒక్క అక్షరం కనబడ్డానికి వీల్లేదు!"

మార్కెటింగ్ ఆవిడ బ్యానర్ చుట్టుకుని కారిడార్లో బెంచీ మీద కూలబడింది. మేడం తీగలు కాళ్ళకు తగలకుండా నేలకు అంటించే నల్ల టేపు చుట్ట చేతిలోకి తీసుకుంది. పళ్ళతో కొరికి, ముక్కలు చింపి, ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్ళి యంత్రాల మీది లోగోలన్నిటికీ టేపు వేసింది. ల్యాప్‌టాప్ మూతలకు వేసింది. నీళ్ళ సీసాలకు వేసింది. చొక్కా జేబుల మీద కుట్టిన పేర్లకు వేసింది. గళ్ళచొక్కా జేబుకు వేస్తే ఆయన చక్కిలిగింతలు పెట్టినట్టు ముడుచుకుపోయాడు. చివరికి కాఫీ మెషిన్ ఏం పాపం చేసిందో, దాని నుదుటి మీది పేరుకు కూడా నిలువునా ఒక పట్టీ వేసింది. ఆ వెంటనే మెషిన్ 'కప్పు పెట్టండి' అనడం మొదలుపెట్టింది. కప్పు పెట్టినా 'కప్పు పెట్టండి' అంది. ఇంకెవరికీ కాఫీ ఇవ్వలేదు. కాఫీ లేని ముప్పైమంది ఇంజనీర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేడం, మా మానిటర్ లోగో మీద మాత్రం వద్దు," అన్నాడు మరిది వెనకాలే తిరుగుతూ. "చూడండి, స్క్రీనంతా మసకబారిపోయింది. ఏడుపుమొహంలా ఉంది."

"ఉండనీ."

"అది కాదు మేడం, అక్కడ..."

"నోరు మూసుకుంటావా, నోటికి కూడా వెయ్యమంటావా?"

మరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

పన్నెండు దాటాక రెండువందల పదమూడోసారి బొమ్మ గుండె మర తిప్పారు. మంచం మానిటర్ కూసింది. హాల్లో గోలకు ఆ కూత ఎవరికీ సరిగ్గా వినబడలేదు గానీ తెర మీద గీత పడుకుంది. డెస్క్ యంత్రం మోగలేదు. రెండు సెకన్లు, ఐదు, పది. ఎంతకీ మోగలేదు.

నర్సు కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇదేనండీ! అచ్చం ఇలాగే!" అంది.

మేడం రెండు చేతులూ పైకెత్తింది. "ఎవరూ దేన్నీ కదపకండి! దొరికింది! ఏం జరిగిందో ఇప్పుడు విప్పి చూద్దాం."

విప్పితే కదా! కళ్ళజోడు అమ్మాయి తన తెర చూసి, "మా అలారం వెళ్ళిందండీ, ఇదిగో గుర్తు," అంది. గళ్ళచొక్కా సగం మూత కిందకి తల దూర్చి చూసుకుని, "మాకు వచ్చినదానికి మావాడు చెయ్యాల్సింది చేశాడు," అన్నాడు.

"ఏం వచ్చింది? ఏం చేశాడు? ఆ మూత పైకెత్తండి."

"ఆ మార్కెటింగ్ మనిషి ఇక్కడుండగా ఎత్తను. మీ నిబంధనే కదా మేడం."

"మీవాళ్ళు బ్యానర్ తెచ్చినప్పుడు నిబంధన గుర్తు రాలేదా?" అని కళ్ళజోడు అమ్మాయి మొదటిసారి గొంతు పెంచింది. గళ్ళచొక్కా ఇంకా పెంచాడు. ఇద్దరూ పోట్లాడుకుంటుండగా మేడం మళ్ళీ మర తిప్పించింది. డెస్క్ యంత్రం గణగణ మోగింది.

అందరూ తెల్లమొహం వేశారు. మేడం కళ్ళు ఇంకెక్కడో ఉన్నాయి. మానిటర్ మీద టేపు లేదు. లోగో మెరుస్తోంది. మరిది ఒక చేతిలో టేపు ముక్కను ఉండలా చుట్టి దాచుకుని, రెండో చేత్తో రెండో ఫోను జేబులో దోపుకుంటున్నాడు.

"తీశావా? ఫోటో తీశావా? ఇంతమంది ప్రాణాల మీదికి వచ్చి కొట్టుకుంటుంటే నీకు ఫోటో కావలసి వచ్చిందా?" మేడం రెండో ఫోను కూడా లాక్కుని, లోగో మీద ఈసారి రెండు పొరలు వేసింది. వేసి మర తిప్పిస్తే మోగలేదు.

భోజనాలు అయ్యాక తిప్పితే మోగింది. వెళ్ళి చూస్తే రెండు పొరలూ ఊడి కింద పడి ఉన్నాయి.

"నేను కాదు, దానంతటదే ఊడింది," అన్నాడు మరిది. అతని గోళ్ళ నిండా నల్లటి జిగురు.

మేడం మూడు పొరలు వేసింది. వేస్తూ పైకే తిట్టింది. మర తిప్పితే మోగలేదు. గళ్ళచొక్కాకు ఓపిక నశించింది. లేచి, తన యంత్రం తీగలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు.

"ఇతనేదో చేస్తున్నాడు మేడం. వాళ్ళ మానిటర్ని కావాలని తప్పిస్తున్నాడు, మా డెస్క్ బాగాలేదని రేపు ఊరంతా టముకు వేయడానికి. మీ బంధువని మీరు వెనకేసుకొస్తున్నారు. నేను వెళ్ళిపోతున్నా."

వెనకేసుకురావడం! పొద్దుట్నుంచీ కాఫీ కూడా తాగకుండా ఆ బంధువును కాల్చుకుతింటున్న మనిషితో అనాల్సిన మాటేనా అది? మేడానికి కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డెస్క్ వెళ్ళిపోతే ఇక పరీక్ష లేదు, సోమవారం ఆ నర్సు చేతిలో నోటీసు తప్ప ఇంకేమీ ఉండదు. ఆవిడ మరిది వైపు తిరిగింది.

"వెళ్ళి ఆ గోడ వైపు మొహం పెట్టి నిలబడు. చేతులు వెనక్కి పెట్టు. ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకో."

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి బడిపిల్లాడిలా వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పనా అండీ?" అంది నర్సు.

పొద్దుట్నుంచీ అందరూ అరుస్తున్నారు గానీ ఆవిడ ఒక్కతే కన్నార్పకుండా ఆ రెండు యంత్రాలనే చూస్తూ కూర్చుంది. ఇరవై రెండేళ్ళుగా చేసిన పని అదే మరి.

"ఆ అబ్బాయి టేపు తీసినప్పుడల్లా మోగుతోంది. మీరు వేసినప్పుడల్లా ఆగిపోతోంది. ఐదుసార్లు చూశాను. ఐదుసార్లూ అంతే."

మేడం నెమ్మదిగా వెళ్ళి మూడు పొరలూ ఒలిచింది. గళ్ళచొక్కా పీకిన తీగలు తానే గబగబా మళ్ళీ పెట్టాడు. మర తిప్పారు. మోగింది. టేపు వేసి తిప్పారు. మోగలేదు. తీసి తిప్పారు. మోగింది.

"లోగోకీ అలారానికీ సంబంధమేంటి?" అన్నాడు గళ్ళచొక్కా.

"నాకూ తెలీదండీ, నేను రాసేది లోపలి ప్రోగ్రామే," అంది కళ్ళజోడు అమ్మాయి.

"నేను తిరగొచ్చా?" అన్నాడు మరిది గోడతో.

"తిరిగి ఏడువు."

"లోగోలో ఆ గుండ్రటి చుక్క ఉంది చూశారా, అది చుక్క కాదు, కన్ను. గదిలో వెలుతురెంతుందో చూస్తుంది. చీకటైతే రాత్రనుకుని స్క్రీన్ మసక చేస్తుంది, మోత తగ్గిస్తుంది, పేషెంటు నిద్ర చెడకుండా. ముందు ఆ కన్నుకు విడిగా చిల్లు పెట్టారు. చిల్లు ఉంటే అందం పోతుంది, లోగోలో కలిపెయ్యండి అని నాలుగు నెలలు పోట్లాడి ఒప్పించింది నేనే. పొద్దున్న అదే చెప్పబోయాను. స్క్రీన్ మసకైపోతోందని."

గళ్ళచొక్కా ల్యాప్‌టాప్ మూత పూర్తిగా పైకెత్తి, కళ్ళజోడు అమ్మాయి వైపు తిప్పాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చూశారు. మానిటర్ రాత్రనుకున్నప్పుడు అలారంతో పాటు 'నెమ్మది' అని ఒక గుర్తు పంపుతోంది. దాని లెక్కలో నెమ్మది అంటే చిన్నగా మోగించమని. డెస్క్ యంత్రం లెక్కలో నెమ్మది అంటే తొందరేమీ లేదు, మోగించక్కర్లేదు, జాబితాలో ఒక వరస రాసి పెట్టు, తీరిగ్గా చూసుకుంటారని. రాసింది. అడుగున, బూడిదరంగులో, ఆవగింజంత అక్షరాలతో. రెండు కంపెనీలూ చెప్పింది నిజమే. రెండు నిజాల మధ్య పెద్దాయన గుండె ఆగబోయింది.

"మరి మా వార్డులో రాత్రిళ్ళు కూడా దీపాలు ఆర్పరు, అప్పుడైతే పట్టపగలు కదండీ? టేపు ఎవరు వేస్తారు?" అంది నర్సు. అని, ఆవిడే ఆగిపోయింది. చెయ్యి నోటి మీదికి పోయింది. "మంచం నంబరు! మంచం నంబరు కాగితం మేం అక్కడే అంటిస్తాం. అన్నిటికీ లోగో కిందే అంటించారు. ఆరో దానిది ఊడిపోతే మళ్ళీ అంటించినప్పుడు కాస్త పైకి, లోగో మీదికి పోయింది."

మేడం కుర్చీలో కూలబడింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. తప్పు దొరికింది. దొరకబట్టింది తన కోపం. తన కోపాన్ని ఎప్పటికప్పుడు ఊడబీకి పరీక్ష పూర్తి చేసింది మార్కెటింగ్.

"అయితే ఇది ఒక కాగితం మీద రాసివ్వండమ్మా," అంది నర్సు. "సోమవారం వాళ్ళకు చూపిస్తాను."

ఆ మాటతో ఇంజనీర్లంతా మేడం వైపు తిరిగారు. ఫలితాలు గడప దాటవు. అందరూ సంతకాలు పెట్టారు. మేడం రాసిస్తే తొమ్మిదేళ్ళ మాట తప్పినట్టే, వచ్చే ఏడాది ఏ ఇంజనీరూ మూత తియ్యడు. రాయకపోతే ఈ మనిషి ఉద్యోగం పోతుంది. మేడం మింగలేక కక్కలేక కూర్చుని, తన పదకొండు నిబంధనల కాగితాన్ని తనే శత్రువు ఉత్తరంలా మళ్ళీ మళ్ళీ చదివింది. ఏడో నిబంధన దగ్గర వేలు ఆగింది. 'ఏ కంపెనీ అయినా తన లోపాన్ని తానే బయటికి చెప్పుకోవచ్చు.' తొమ్మిదేళ్ళలో దాన్ని ఎవరూ వాడుకోలేదు.

"మీరు రాయండమ్మా," అంది కళ్ళజోడు అమ్మాయితో.

"నాకు బయటివాళ్ళకు ఈమెయిల్ పంపే అనుమతే లేదండీ. మా ఇంజనీర్లెవరికీ లేదు. కంపెనీ తరఫున బయటికి మాట్లాడేది..." అని ఆ అమ్మాయి మాట పూర్తి చెయ్యకుండా గోడ వైపు చూసింది.

అందరూ గోడ వైపు చూశారు.

మేడం లేచి మరిది దగ్గరికెళ్ళింది. పొద్దుట్నుంచీ ఏ నోరు ముయ్యమని అరిచిందో ఆ నోటి ముందు నిలబడింది.

"ఇదిగో," అంది. "నువ్వు... కాస్త నోరు తెరవాలి."

"మేడంగా అడుగుతున్నారా, వదినగానా?"

"పళ్ళు రాలగొడతాను."

"వదినే!" అన్నాడు మరిది. తర్వాత అతని నవ్వు ఆగిపోయింది. "మా లోగోలో లోపముందని మేమే రాసివ్వాలా వదినా? మా బాస్ నన్ను నిలువునా పాతేస్తాడు. ఆ కన్ను అక్కడ పెట్టించింది నేనేనని ఆఫీసంతా తెలుసు." అతను నర్సు ఒళ్ళో కవరు వైపు చూశాడు. "ఫోనిటివ్వు," అన్నాడు.

కారిడార్లో అరగంట మాట్లాడాడు. గోడలోంచి ముక్కలు ముక్కలుగా వినబడింది. "లేదు సార్, మనమే ముందు చెబితే బాధ్యత గల కంపెనీ... వాళ్ళు ముందు చెబితే మనం దొంగలం... ఇవాళే సార్, ఈ గంటలోనే..." ఈ మాటలన్నీ అదే బెంచీ మీద బ్యానర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న డెస్క్ కంపెనీ మార్కెటింగ్ ఆవిడ కూడా విన్నది. విని నిటారుగా కూర్చుంది. తన ఫోను తీసింది. "సార్, వాళ్ళు ముందు ఒప్పేసుకునేలా ఉన్నారు! మన లోపం మనం వెంటనే చెప్పుకోకపోతే మన పరువేం కాను?"

ఇక చూడాలి పోటీ! ఇన్నేళ్ళుగా ఎవరి తప్పు ఎవరూ ఒప్పుకోని రెండు కంపెనీలు, నేనంటే నేనని తప్పు నెత్తినేసుకోవడానికి పరుగులు తీశాయి. హాల్లో ఉన్నది ఒకటే ప్రింటర్. దాని దగ్గర మరిదీ, ఆవిడా మోచేతులతో నెట్టుకున్నారు. మరిది ఉత్తరం నాలుగు నలభైకి వచ్చింది. ఆవిడది నాలుగు నలభై రెండుకు వచ్చింది గానీ, అందులో "మా లోపమే ప్రధానమైనది" అని ఒక వాక్యం ఎక్కువుంది. అది చదివి మరిది వెనక్కెళ్ళి ఇంకోటి ప్రింటు తీశాడు.

నర్సు రెండు ఉత్తరాలూ నోటీసు కవర్లోనే జాగ్రత్తగా పెట్టుకుంది. మేడం చేతులు ఒకసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది. ప్రింటర్ మీద మిగిలిపోయిన ఉత్తరంలో పైన సగం కాగితం లోగోయే. మేడం వేళ్ళు అలవాటుగా టేపు చుట్ట మీదికి పోయాయి. పోయి, ఆగి, వెనక్కి వచ్చాయి. ఆవిడ లేచి కాఫీ మెషిన్ దగ్గరికెళ్ళి, దాని నుదుటి మీది పట్టీ పీకి, ఆ రోజుకు మొదటి కాఫీ తాగింది. లోగో కప్పులోనే. వేరే కప్పులు లేవు మరి.

"వదినా," అన్నాడు మరిది పక్కన చేరి, కప్పు వైపు ఆశగా చూస్తూ. "ఒక్క ఫోటో. ఒకే ఒక్కటి."

సోమవారం విచారణ పావుగంటలో ముగిసింది. మంగళవారం నర్సు డ్యూటీలో చేరి, ముందు ఆరో మంచం నంబరు కాగితం ఒలిచి కిందకు అంటించింది. మరుసటి ఏడాది పరీక్షలకు వచ్చిన ఇంజనీర్లకు పంచిన కాగితంలో పన్నెండో నిబంధన కొత్తగా ఉంది: 'లోగోల మీద టేపు వేయరాదు. నోళ్ళ మీద వేయవచ్చు.'